కొత్త 4జీ మోడెమ్ సీరియల్ పోర్టులను లినక్స్ ‘ఆప్షన్’ డ్రైవర్‌లో చేర్చడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. పొలాల్లోని పంపుసెట్లను దూరం నుంచి నడిపించే కంట్రోలర్ బోర్డు ఒకటి మేము తయారు చేస్తున్నాము. ఏఆర్ఎం ప్రాసెసర్ మీద లినక్స్ 6.1 కెర్నెల్ నడుస్తుంది. బోర్డు మీద మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో 4జీ మోడెమ్ అమర్చాము. స్లాట్ పేరు అదే అయినా మోడెమ్‌కు చేరేవి యూఎస్‌బీ తీగలే. ఇది క్వాల్‌కామ్ చిప్ మీద ఆధారపడిన కొత్త మోడల్ కావడం వల్ల దీని గుర్తింపు సంఖ్యలు కెర్నెల్‌లో ఏ డ్రైవర్ పట్టికలోనూ లేవు.

బోర్డును ఆన్ చేసినప్పుడు యూఎస్‌బీ జాబితాలో మోడెమ్ కనిపిస్తుంది గానీ, దాని ఆరు ఇంటర్‌ఫేస్‌లలో (ఒక్కో పనికి ఒక్కో భాగం) ఒక్కదానికి కూడా కెర్నెల్ డ్రైవర్ తగులుకోదు. ‘ఆప్షన్’ మాడ్యూల్‌ను (మోడెమ్‌ల సీరియల్ పోర్టుల డ్రైవర్) ఎక్కించి, సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ అమరికలను ఫైళ్లుగా చూపే చోటు) యూఎస్‌బీ-సీరియల్ బస్ కింద ఉండే ‘ఆప్షన్1’ డైరెక్టరీలోని న్యూ_ఐడీ ఫైలుకు తయారీదారు సంఖ్యను, ఉత్పత్తి సంఖ్యను రాస్తే వెంటనే టీటీవైయూఎస్‌బీ0 నుంచి టీటీవైయూఎస్‌బీ5 వరకు ఆరు పోర్టులు వస్తున్నాయి. వాటిలో 2, 3 పోర్టులు ఏటీ కమాండ్లకు (మోడెమ్‌కు ఇచ్చే పాఠ ఆదేశాలకు) జవాబిస్తున్నాయి. 1వ పోర్టులో జీపీఎస్ వాక్యాలు వస్తున్నాయి. అయితే డేటా కోసం రావలసిన డబ్ల్యూవ్యాన్0 నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మాత్రం రావడం లేదు. పైగా అంతకుముందు మోడెమ్‌ను చక్కగా గుర్తించిన ఏడీబీ అనే డీబగ్గింగ్ పనిముట్టు ఇప్పుడు దానిని తెరవలేకపోతున్నది.

ఈ పరికరాలు ఊళ్లలో, మోటారు షెడ్లలో ఏళ్ల తరబడి ఉండవలసినవి. కెర్నెల్ మారినప్పుడల్లా మా సొంత ప్యాచ్‌ను (కోడ్ మార్పును) మళ్లీ అతికించుకుంటూ పోవడం మాకు సమ్మతం కాదు. పట్టికలో వరుసను సరిగ్గా ఎలా రాయాలి, దానిని ప్రధాన కెర్నెల్‌కు ఎలా చేర్చాలి అన్నది అనుభవజ్ఞులు వివరించగలరని కోరుతున్నాను. సాధారణ యూఎస్‌బీ సీరియల్ డ్రైవర్‌తో సరిపెట్టుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. అది తగునా అన్నది కూడా చెప్పగలరు.

మొదటి సమాధానం

నమస్కారం అండీ. మీరు గమనించిన రెండు లక్షణాలకూ కారణం ఒక్కటే. న్యూ_ఐడీ ఫైలుకు తయారీదారు, ఉత్పత్తి సంఖ్యలు రెండే ఇచ్చినప్పుడు ఆ పరికరంలోని ప్రతి ఇంటర్‌ఫేస్‌ను తీసుకొమ్మని ఆప్షన్ డ్రైవర్‌కు చెప్పినట్లవుతుంది. మాస్ స్టోరేజ్ తరగతి ఇంటర్‌ఫేస్‌ను మాత్రం అది తానుగా వదిలేస్తుంది. మిగిలినవన్నీ, సీరియల్ పోర్టులు అయినా కాకపోయినా, టీటీవైయూఎస్‌బీ పోర్టులుగా మారిపోతాయి. ఆధునిక మోడెమ్ ఒకే వీధి గుమ్మం ఉన్న ఆరు వాటాల ఇల్లు వంటిది. గుమ్మం మీది నంబరు చూసి ఇల్లంతా ఒకరికే అద్దెకు ఇవ్వలేము. మీ పరికరంలో నెట్‌వర్క్ వాటా క్వాల్‌కామ్ మోడెమ్‌ల నెట్‌వర్క్ డ్రైవర్ అయిన క్యూఎంఐ_డబ్ల్యూవ్యాన్‌కు చెందాలి. ఏడీబీ వాటాను కెర్నెల్ డ్రైవర్ ఏదీ తాకకూడదు, ఎందుకంటే దానిని యూజర్‌స్పేస్‌లోని (కెర్నెల్ బయటి) ఏడీబీ ప్రోగ్రామే నేరుగా తన అధీనంలోకి తెచ్చుకుంటుంది. ఆప్షన్ ముందే పట్టుకుని కూర్చుంటే దానికి చోటు ఉండదు.

కాబట్టి పట్టికలో వరుస రాయడానికి ముందు చేయవలసిన అసలు పని ఇంటర్‌ఫేస్‌ల వర్ణనలను చదవడం. యూఎస్‌బీ-డివైసెస్ అనే చిన్న స్క్రిప్టును నడిపితే ప్రతి ఇంటర్‌ఫేస్‌కు దాని సంఖ్య, ఎండ్‌పాయింట్ల (డేటా వచ్చిపోయే దారుల) సంఖ్య, తరగతి, ఉపతరగతి, ప్రోటోకాల్, ప్రస్తుతం దానిని పట్టుకున్న డ్రైవర్ పేరు ఒక్కొక్క వరుసగా వస్తాయి. తరగతి ఎఫ్ఎఫ్ అని ఉంటే ‘ఇది తయారీదారు ఇష్టం’ అని అర్థం. అంటే ఏ ప్రమాణమూ మీకు సహాయపడదు, ఏ ఇంటర్‌ఫేస్ ఏ పని చేస్తుందో పత్రాలు చూసో పరీక్షించో మీరే తేల్చుకోవాలి. అదే తరగతి 02, ఉపతరగతి 02 అని ఉండి ఉంటే సీడీసీ-ఏసీఎం ప్రమాణాన్ని పాటించే మోడెమ్ అన్నమాట. అప్పుడు ఏ పట్టికలోనూ కొత్త సంఖ్యలు చేర్చకుండానే టీటీవైఏసీఎం0 వచ్చి ఉండేది. విండోస్ 10 కూడా ఆ తరగతికి తనలోని యూఎస్‌బీఎస్‌ఈఆర్ డ్రైవర్‌ను తానే ఎక్కించుకుంటుంది. తయారీదారులు ఆ ప్రమాణాన్ని పాటిస్తే మనకు ఈ శ్రమలో సగం తప్పేదని నా గట్టి అభిప్రాయం.

ఉదాహరణకు ఎంతోమంది వాడే క్వెక్టెల్ ఈసీ25ను తీసుకోండి. దాని గుర్తింపు 2సీ7సీ:0125. అందులో ఇంటర్‌ఫేస్ 0 డయాగ్ (లోపాల పరిశీలన), 1 ఎన్ఎంఈఏ (జీపీఎస్ వాక్యాలు), 2 ఏటీ, 3 మోడెమ్, 4 క్యూఎంఐ నెట్‌వర్క్. 1, 2, 3లకు ఉపతరగతి, ప్రోటోకాల్ రెండూ 00. డయాగ్‌కు, క్యూఎంఐకి మాత్రం రెండూ ఎఫ్ఎఫ్. ఆ రెండింటినీ వేరు చేసేది ఎండ్‌పాయింట్ల సంఖ్య. డయాగ్‌కు బల్క్ ఎండ్‌పాయింట్లు రెండే ఉంటాయి. క్యూఎంఐకి వాటితో పాటు ఒక ఇంటరప్ట్ ఎండ్‌పాయింట్ ఉండడం వల్ల మొత్తం మూడు అవుతాయి. అందుకే ఆప్షన్ పట్టికలో ఈ మోడల్‌కు రెండు వరుసలు ఉన్నాయి. తరగతి/ఉపతరగతి/ప్రోటోకాల్ వరుసగా ఎఫ్ఎఫ్/00/00 అన్నవాటిని షరతు లేకుండా తీసుకొమ్మని ఒకటి చెబుతుంది. ఎఫ్ఎఫ్/ఎఫ్ఎఫ్/ఎఫ్ఎఫ్ అన్నవాటిలో సరిగ్గా రెండు ఎండ్‌పాయింట్లు ఉన్నదానినే తీసుకొమ్మని ‘నమ్ఈపీ2’ జెండాతో రెండోది చెబుతుంది.

పాత పద్ధతి వేరుగా ఉండేది. మొత్తం పరికరాన్ని తీసుకుని, ‘ఆర్‌ఎస్‌వీడీ(4)’ వంటి జెండాతో నాలుగో నంబరు ఇంటర్‌ఫేస్‌ను వదిలేయమనేవారు. అది నేటికీ చెల్లుతుంది, చాలా పరికరాలకు అలాగే ఉంది. కానీ కొన్ని మోడెమ్‌లలో ఒక ఏటీ కమాండుతో ఏడీబీనో మరొకదానినో చేర్చినా తీసేసినా మిగిలిన ఇంటర్‌ఫేస్‌ల సంఖ్యలు జరిగిపోతాయి. క్వెక్టెల్ ఈపీ06 అలాంటిదే. నమ్ఈపీ2 జెండా పుట్టింది దాని కోసమే. సంఖ్యను నమ్ముకున్న వరుస అటువంటి మోడెమ్‌లో ఒకరోజు పనిచేసి మరో అమరికలో నెట్‌వర్క్‌ను మింగేస్తుంది. కనుక మీ మోడెమ్‌లో ఉపతరగతి, ప్రోటోకాల్ విలువలు వేరువేరుగా ఉంటే వాటితోనే వరుస రాయండి. సంఖ్యను ఆఖరి ఆధారంగా మాత్రమే వాడండి. మరొక పరిమితి కూడా ఉంది. ఆర్‌ఎస్‌వీడీ జెండాకు కేటాయించినవి ఎనిమిది బిట్లే కాబట్టి 0 నుంచి 7 వరకు ఉన్న ఇంటర్‌ఫేస్‌లకే అది వర్తిస్తుంది.

సాధారణ యూఎస్‌బీ సీరియల్ డ్రైవర్ సంగతి. దానిని ఎక్కించగానే, ఇది పరీక్షలకు, ఒకసారి చేసి వదిలేసే నమూనాలకు మాత్రమేనని, మీ పరికరాన్ని తగిన డ్రైవర్‌లో చేర్చమని లినక్స్-యూఎస్‌బీ మెయిలింగ్ లిస్టుకు తెలియజేయమని కెర్నెల్ లాగ్‌లోనే సందేశం వస్తుంది. ఆ మాటను మన్నించాలి. 2005లో మథియాస్ ఉర్లిచ్స్ ఆప్షన్ డ్రైవర్‌ను రాయడానికి కారణమే అప్పటి సాధారణ డ్రైవర్ జీఎస్ఎం మోడెమ్‌లతో సరిగా నడవకపోవడం. స్వీకరణకు ఒక్క యూఆర్‌బీ (యూఎస్‌బీ డేటా అభ్యర్థన) చాలక డేటా పోతోందని ఆ ఫైలు మొదట్లోని వ్యాఖ్యలో స్పష్టంగా ఉంది. ఆప్షన్ వెనుక ఉన్న యూఎస్‌బీ_డబ్ల్యూవ్యాన్ కోడ్ ఒక్కొక్క పోర్టుకు 4096 బైట్ల స్వీకరణ యూఆర్‌బీలను నాలుగు సిద్ధంగా ఉంచుతుంది. పోర్టు తెరిచినప్పుడు డీటీఆర్, ఆర్‌టీఎస్ సంకేతాలను (కంప్యూటర్ సిద్ధంగా ఉందని తెలిపేవి) మోడెమ్‌కు పంపుతుంది. డీటీఆర్ అందనంతవరకు నోరు మెదపని మోడెమ్‌లు ఉన్నాయి. సాధారణ డ్రైవర్ ఆ సంకేతాన్ని పంపదు.

రెండవ సమాధానం

పై వివరణతో ఏకీభవిస్తూ, ప్యాచ్ చేరేలోపు పని ఆగకుండా ఉండే మార్గం ఒకటి చెబుతాను. న్యూ_ఐడీ ఫైలు రెండు సంఖ్యలనే కాదు, ఐదింటిని తీసుకుంటుంది. మూడోది ఇంటర్‌ఫేస్ తరగతి. నాలుగు, ఐదు స్థానాల్లో ఆ డ్రైవర్ పట్టికలో ఇప్పటికే ఉన్న వేరొక పరికరం సంఖ్యలు ఇస్తే, దానికి రాసి ఉన్న జెండాలు మీ పరికరానికి కూడా వర్తిస్తాయి. క్వాల్‌కామ్ సంఖ్యలతో వచ్చిన క్వెక్టెల్ యూసీ20, అంటే 05సీ6:9003కు ఆప్షన్ పట్టికలో ఆర్‌ఎస్‌వీడీ(4) ఉంది. మీ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ సంఖ్య 4 అయిన పక్షంలో, మీ రెండు సంఖ్యల తరువాత ఎఫ్ఎఫ్, 05సీ6, 9003 అని రాస్తే ఆ ఒక్క ఇంటర్‌ఫేస్‌ను ఆప్షన్ వదిలేస్తుంది. ఏడీబీని మాత్రం ఈ పద్ధతి కాపాడదు. క్షేత్రంలోకి పంపే పరికరాల్లో ఏడీబీని మోడెమ్ అమరికల్లోనే ఆపివేయడం భద్రత దృష్ట్యా ఎలాగూ మంచిది.

ఇదంతా బోర్డు మళ్లీ ఆన్ అయినప్పుడు చెరిగిపోతుంది కనుక ఒక యూడెవ్ (పరికరం కనిపించగానే పనులు చేయించే లినక్స్ సేవ) నియమం ద్వారా ప్రతిసారీ రాయించవలసి ఉంటుంది. యూఎస్‌బీ బస్ కింద కనిపించే ‘ఆప్షన్’ డైరెక్టరీలో న్యూ_ఐడీ ఉండదు, యూఎస్‌బీ-సీరియల్ బస్ కింద ఉన్న ‘ఆప్షన్1’లోనే ఉంటుంది. మీరు సరైన చోటే రాశారు. ఈ తేడా తెలియక ఫైలు దొరకడం లేదని అడిగేవారు చాలామంది ఉంటారు కాబట్టి ప్రస్తావించాను.

మరొక మాట. ఫ్రీబీఎస్‌డీలో ఇదే పనిని యూ3జీ డ్రైవర్, ఓపెన్‌బీఎస్‌డీలో యూఎంఎస్ఎం డ్రైవర్ చేస్తాయి. అక్కడా పద్ధతి పట్టికలో సంఖ్యలు చేర్చడమే.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. యూఎస్‌బీ-డివైసెస్ చూపిన వివరాలు ఇవి. ఇంటర్‌ఫేస్ 0కు ఎఫ్ఎఫ్/ఎఫ్ఎఫ్/ఎఫ్ఎఫ్, రెండు ఎండ్‌పాయింట్లు. 1, 2, 3లకు ఎఫ్ఎఫ్/00/00, మూడేసి ఎండ్‌పాయింట్లు. 4కు ఎఫ్ఎఫ్/ఎఫ్ఎఫ్/ఎఫ్ఎఫ్, మూడు ఎండ్‌పాయింట్లు. 5కు ఎఫ్ఎఫ్/42/01, రెండు ఎండ్‌పాయింట్లు. తయారీదారు పత్రంలో వరుసగా డయాగ్, ఎన్ఎంఈఏ, ఏటీ, మోడెమ్, నెట్‌వర్క్, ఏడీబీ అని ఉంది.

ఐదు సంఖ్యల పద్ధతి పనిచేసింది. నాలుగో ఇంటర్‌ఫేస్ ఖాళీగా మిగిలింది. అయినా డబ్ల్యూవ్యాన్0 రాలేదు. ఇక రెండో ఇబ్బంది. మోడెమ్ తనంతట తాను రీసెట్ అయినప్పుడు ఏటీ పోర్టు ఒక్కోసారి టీటీవైయూఎస్‌బీ2గా కాక వేరే సంఖ్యతో వస్తున్నది. మా ప్రోగ్రామ్ పాత పేరునే వెతుక్కుంటూ ఆగిపోతున్నది. దీనికి డ్రైవర్‌లో ఏమైనా చేయాలా?

మూడవ సమాధానం

మీ పట్టిక చాలా స్పష్టంగా ఉంది. ఈసీ25 అమరికే ఇది, చివర ఏడీబీ అదనం. ఎఫ్ఎఫ్/42/01 అన్నది ఏడీబీకి స్థిరపడిన గుర్తు. కనుక ఆప్షన్ పట్టికలో మీకు కావలసినవి రెండే వరుసలు: ఎఫ్ఎఫ్/00/00కు ఒకటి, నమ్ఈపీ2 జెండాతో ఎఫ్ఎఫ్/ఎఫ్ఎఫ్/ఎఫ్ఎఫ్‌కు ఒకటి. ఇంటర్‌ఫేస్ సంఖ్యల ప్రసక్తి లేకుండానే 4, 5 రెండూ తప్పుకుంటాయి.

డబ్ల్యూవ్యాన్0 రాకపోవడానికి కారణం క్యూఎంఐ_డబ్ల్యూవ్యాన్ పట్టికలో కూడా మీ సంఖ్యలు లేకపోవడమే. ఆప్షన్ వదిలేసినంత మాత్రాన ఆ డ్రైవర్ దానిని తీసుకోదు. దానికి వేరే ప్యాచ్ కావాలి. క్వాల్‌కామ్ కొత్త తరం చిప్‌లలో డీటీఆర్ పెట్టనిదే క్యూఎంఐ సందేశాలకు జవాబు రాదు. అందుకని ఆ పట్టికలో మామూలు స్థిర ఇంటర్‌ఫేస్ వరుసకు బదులు ‘సెట్ డీటీఆర్’ అనే ప్రత్యేక వరుస ఒకటి ఉంది. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ కనబడుతూ క్యూఎంఐ కమాండ్లకు ఉలుకూ పలుకూ లేకపోతే మొదట దానిని ప్రయత్నించండి.

పోర్టు సంఖ్య మారడం డ్రైవర్ లోపం కాదు. మోడెమ్ ఊడిపోయినప్పుడు మీ ప్రోగ్రామ్ పాత పోర్టును ఇంకా తెరిచే ఉంచితే ఆ సంఖ్య విడుదల కాదు. తిరిగి వచ్చిన మోడెమ్‌కు ఖాళీగా ఉన్న తరువాతి సంఖ్య దక్కుతుంది. ప్రోగ్రామ్‌లో హ్యాంగప్‌ను (పోర్టు తెగిపోయిన సంకేతాన్ని) గుర్తించి పోర్టును వెంటనే మూసేయాలి. దానితో పాటు, సంఖ్య మీద ఆధారపడకుండా, ఇంటర్‌ఫేస్ సంఖ్య 02 ఉన్న పోర్టుకు స్థిరమైన పేరు పెట్టే యూడెవ్ నియమం రాసుకోండి. డివైస్ డైరెక్టరీలో సీరియల్, బై-ఐడీ కింద ఉండే లింకులు కూడా ఇంటర్‌ఫేస్ సంఖ్యను బట్టే ఏర్పడతాయి. మోడెమ్‌లను నిర్వహించే మోడెమ్‌మేనేజర్ సేవ నడుస్తూ ఉంటే అది కూడా ప్రతి పోర్టునూ ఏటీ కమాండ్లతో పరీక్షిస్తుంది. మీ ప్రోగ్రామ్‌కు కేటాయించిన పోర్టును వదిలేయమని యూడెవ్ ద్వారానే దానికి చెప్పవచ్చు.

ఇక ప్యాచ్ పంపడం గురించి వివరంగా చెబుతాను. పని చేసే వరుస చేతిలో ఉండి కూడా చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

మార్పును తాజా ప్రధాన కెర్నెల్ మీద చేయండి, మీ 6.1 మీద కాదు. పట్టికలో వరుసలు తయారీదారు, ఉత్పత్తి సంఖ్యల క్రమంలో ఉంటాయి. మీ వరుసలు కూడా ఆ క్రమంలోనే రావాలి. చివర అతికించి పంపితే తిరిగి వస్తుంది. యూఎస్‌బీ సీరియల్ డైరెక్టరీని మాత్రమే కంపైల్ చేసి, తయారైన మాడ్యూల్‌లో మోడ్‌ఇన్ఫో పనిముట్టు ద్వారా మీ సంఖ్యలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. తరువాత న్యూ_ఐడీ సహాయం లేకుండా, మోడెమ్‌ను తీసి మళ్లీ పెట్టి, సరిగ్గా నాలుగు పోర్టులే వస్తున్నాయని నిర్ధారించుకోండి. కెర్నెల్ లాగ్‌లో ‘జీఎస్ఎం మోడెమ్ (1-పోర్ట్) కన్వర్టర్’ అనే సందేశం ఒక్కొక్క పోర్టుకు వేరుగా వస్తుంది.

ప్యాచ్ సందేశంలో శీర్షిక తరువాత మోడెమ్ పేరు, చిప్ వివరం, ఏ ఇంటర్‌ఫేస్ ఏ పనికి అన్నది, ఆపై యూఎస్‌బీ-డివైసెస్ చూపిన పాఠం యథాతథంగా ఉండాలి. యూఎస్‌బీ సీరియల్ విభాగాన్ని నిర్వహించే యోహాన్ హోవోల్డ్ వద్ద మీ మోడెమ్ ఉండదు. ఆ పాఠాన్ని చూసే ఆయన మీ వరుస సరైనదో కాదో తేలుస్తారు. అది లేకుండా వచ్చిన ప్యాచ్‌లకు మొదట వచ్చే ప్రశ్న అదే. తయారీదారు ఒకే ఉత్పత్తి సంఖ్యతో వేరే అమరికలు కూడా ఇస్తుంటే వాటి పాఠాలను కూడా జతపరచండి. కొందరు తయారీదారులు అమరికకొక ఉత్పత్తి సంఖ్య పెడతారు. సిమ్‌కామ్ సిమ్7600ను ఏటీ కమాండుతో 9001 నుంచి ఆర్‌ఎన్‌డీఐఎస్ (మరో రకం యూఎస్‌బీ నెట్‌వర్క్) అమరిక అయిన 9011కు మార్చవచ్చు. మరికొందరు సంఖ్యను మార్చకుండా లోపలి అమరికను మాత్రమే మారుస్తారు. మీది రెండో రకమైతే, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ ఎంబీఐఎం, ఈసీఎం వంటి వేరే ప్రమాణానికి మారినప్పుడు కూడా మీ వరుసలు దానిని తాకకుండా ఉండాలి. మీరు రాయబోయే వరుసలు తరగతి ఎఫ్ఎఫ్‌కే పరిమితం కాబట్టి ఆ భయం లేదు.

సంతకం వరుసలో మిమ్మల్ని గుర్తించగల పేరు ఉండాలి, అనామకంగా పంపకూడదు. ప్యాచ్ శైలిని పరీక్షించే చెక్‌ప్యాచ్ స్క్రిప్టును ఒకసారి నడిపి చూసుకోండి. ఎవరికి పంపాలో గెట్_మెయింటెయినర్ స్క్రిప్టు చెబుతుంది. ఆప్షన్ ప్యాచ్ లినక్స్-యూఎస్‌బీ లిస్టుకు, క్యూఎంఐ ప్యాచ్ నెట్‌డెవ్ లిస్టుకు వెళ్లాలి. అవి వేర్వేరు విభాగాలు, వేర్వేరు నిర్వాహకులు. కనుక రెండింటినీ ఒకే ప్యాచ్‌గా కలపవద్దు. ఈమెయిల్ సాదా పాఠంగానే వెళ్లాలి. హెచ్‌టీఎంఎల్ రూపంలో పంపిన దానిని లిస్టు సర్వరే తిప్పికొడుతుంది. గిట్ సెండ్-ఈమెయిల్ వాడితే ఈ చిక్కు రాదు. కంపెనీ సర్వర్ ప్రతి ఉత్తరం కింద గోప్యతా హెచ్చరికను అతికించేదైతే ముందే వేరే చిరునామా చూసుకోండి. ఆ హెచ్చరిక ఉన్న ప్యాచ్‌ను స్వీకరించరు.

మీకు ముఖ్యమైన విషయం మరొకటి. స్థిర (స్టేబుల్) కెర్నెల్‌ల నియమాల్లో సాధారణ కొత్త లక్షణాలకు చోటు లేకపోయినా, కొత్త పరికరాల సంఖ్యలను చేర్చడానికి స్పష్టమైన అనుమతి ఉంది. ఆప్షన్ ప్యాచ్ సంతకాల వద్ద స్టేబుల్ చిరునామాకు నకలు వరుస కూడా ఉండేలా చూసుకుంటే, అది యోహాన్ హోవోల్డ్ శాఖ నుంచి గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ యూఎస్‌బీ శాఖ ద్వారా ప్రధాన కెర్నెల్‌కు చేరిన తరువాత, ఇంకా నిర్వహణలో ఉన్న పాత శాఖలకు కూడా వెళుతుంది. మీ 6.1 అందులో ఒకటి. ఆ నవీకరణను మీ బోర్డు చిత్రంలోకి తీసుకున్న రోజున యూడెవ్‌లో న్యూ_ఐడీ రాయించే నియమాన్ని తొలగించండి. అది మిగిలిపోతే, యూసీ20 నుంచి అరువు తెచ్చుకున్న జెండాలతో ఆప్షన్ మళ్లీ ఏడీబీ ఇంటర్‌ఫేస్‌ను పట్టుకుంటుంది.